నేను కండెమ్ చేసిన డ్రైవ్

1997 వేసవిలో నేను ఆత్మకూరులో ఫీల్డ్ ఇంజనీరుగా ఉన్నాను. పేరుకు ఇంజనీరే గానీ, కంప్యూటర్లు బాగుచేసే మా కంపెనీలో అది అట్టడుగు మెట్టు. నెల్లూరులో సీనియర్ ఇంజనీరు, ఆయన పైన సర్వీస్ మేనేజరు. నాకు ఒక టూల్ బ్యాగు, ఒక బస్ పాసు. ఆత్మకూరు నుంచి ఉదయగిరి దాకా ఏ ఆఫీసులో కంప్యూటరు ఆగినా నేనే వెళ్ళాలి, బాగుచెయ్యాలి, కాల్ రిపోర్టు రాసి సంతకం చేయించుకోవాలి. ఆ రిపోర్టులో మేం రాసిందే వేదం. ‘కండెమ్’ అని రాశామంటే ఆ వస్తువు పాత ఇనుము కింద జమ. ఆ మాట రాయడమంటే అప్పట్లో నాకు భలే సరదా. ఎందుకు దాచాలి?

ఆ ఏడు మే నెలలో ఉదయగిరి నుంచి ఫోన్ వచ్చింది. అక్కడ తాగునీటి పనులు చూసే ఒక చిన్న స్వచ్ఛంద సంస్థ ఉండేది. కొండ కింద పల్లెల్లో బావుల నీళ్ళు సీసాల్లో పట్టి పరీక్ష చేయించి, దేంట్లో ఫ్లోరైడు ఎంతుందో వాళ్ళు కంప్యూటర్లో ఎక్కించుకున్నారు. అది పాతకాలం కంప్యూటరు. ఐదుంపావు అంగుళాల ఫ్లాపీలు వాడేది, అట్టలా వంగేవే, అవి. ఆ కంప్యూటరు చచ్చిపోయి కొత్తది వచ్చింది. కొత్తదానికి చిన్న ఫ్లాపీలు తప్ప పట్టవు. కాయితాలను చెదలు తినేశాయి. సర్వే చేసిన పెద్దాయన కాలం చేశారు. మిగిలినవల్లా మూడు పాత ఫ్లాపీలు.

ఇన్నాళ్ళూ నిద్రపోయి ఇప్పుడేం తొందర అని ఫోన్లోనే విసుక్కున్నాను. బోరు బండి వచ్చింది, రేపొక్క రోజే ఉంటుంది, ఎల్లుండి పొద్దున్నే కలిగిరి వైపు వెళ్ళిపోతుంది అన్నారు. దాంతో వెంటనే నెల్లూరుకు ఫోన్ కలిపాను.

నెల్లూరు స్టోర్లో ఐదుంపావు అంగుళాల ఫ్లాపీలు చదివే డ్రైవ్ ఒక్కటే మిగిలి ఉంది. దాన్ని మర్నాడు మొదటి బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపమని చెప్పి, ఆత్మకూరు బస్టాండులో అందుకుని, అదే ఊపులో ఉదయగిరి బస్సెక్కాను. పది గంటలకు ఆ సంస్థ ఆఫీసులో ఉన్నాను. గుమ్మంలోనే ఒకావిడ లేచి నిలబడింది. కొండ కింద పల్లెలో బడి టీచరు, మరియమ్మ.

“మా బళ్ళో పిల్లకాయలు నోరు తెరిచి నవ్వరు సార్. పళ్ళన్నీ గార. నిరుడు ఒక పిల్లకు మోకాళ్ళు వంగిపోయినాయి. ఇంతకు ముందు రెండు బోర్లు ఏసినారు, రెండింట్లోనూ అయే నీళ్ళు. ఈసారైనా బండి యాడ దింపాలో మీ పెట్టె చెప్పాల” అంది.

మళ్ళీ పరీక్ష చేయించాలంటే వారాలు పడుతుంది. బండి ఆగదు. మధ్యాహ్నం రెండు గంటలకు కరెంటు కోత. నాకు చేతులు దురద పుట్టాయి. ఇలాంటి పనికోసమే గదా ఈ ఉద్యోగంలో చేరింది!

కొత్త కంప్యూటరు డబ్బా విప్పాను. నెల్లూరు నుంచి వచ్చిన డ్రైవ్ అందులో పట్టదు, పక్కన బల్లమీద పేపరు పరిచి పెట్టాను. డ్రైవ్‌కు సమాచారం మోసేది ముప్ఫై నాలుగు తీగల పలక కేబులు. దాని అంచున ఎర్ర గీత ఉంటుంది, అది ఒకటో పిన్ను వైపు రావాలి. హడావిడిలో తిరగేసి గుచ్చాను. డ్రైవ్ దీపం వెలిగి ఆరనంటుంది. తిరగేశామనడానికి అదే గుర్తు. సరిచేసి, కంప్యూటరు మొదలయ్యేటప్పుడు వచ్చే సెటప్‌లోకి వెళ్ళి, రెండో డ్రైవ్ ఫలానా రకం అని చెప్పాను. నా బ్యాగులోని పరీక్ష ఫ్లాపీ పెడితే టకటకా చదివేసింది. “అదీ!” అని అరిచాను. మరియమ్మ టీచరు చేతులు జోడించి కళ్ళు మూసుకుంది.

వాళ్ళ ఫ్లాపీ పెట్టాను. గరగరమంది, చదవలేనంది. రెండోదీ అంతే. మూడోదీ అంతే.

బూజు పట్టినాయేమో అన్నారు ఆఫీసు వాళ్ళు. మూడూ ఒకేసారి, ఒకే తీరున పాడవుతాయా? అప్పుడు తట్టింది. రెండేళ్ళ కిందట ఈ ఆఫీసు పాత డ్రైవ్‌ను పరీక్షించింది నేనే. దాని హెడ్డు, అంటే ఫ్లాపీ మీద చదివి రాసే ముక్క, ఉండాల్సిన చోటు నుంచి వెంట్రుకవాసి పక్కకు జరిగి ఉంది. వంకర గొర్రుతో విత్తితే సాళ్ళూ వంకరే, తర్వాత కలుపు తీసే గుంటకా ఆ వంకరనే పోవాలి. ఈ ఫ్లాపీలు రాసింది ఆ వంకర డ్రైవే. మంచి డ్రైవ్ ఎన్ని తెచ్చినా ఇవి చదవవు. ఆ వంకరదే కావాలి. దాన్ని కండెమ్ అని రాసి సంతకం పెట్టింది ఎవరు? నేనే, మహానుభావుణ్ణి!

అటెండరు రమణయ్యను పిలిచి పాత ఇనుము ఎవరికి వేశారని అడిగాను. ఆయన నసిగాడు.

“కంప్యూటరు ఏసినాం సార్. ఆ డ్రైవు మాత్రం ఎయ్యలా. ప్రతి దసరాకీ ఆయుధ పూజ చేసిన సామాను. పూజ చేసిందాన్ని ఇనపసామానోడికి ఎట్ట ఏస్తాం? మీరు తిడతారని చెప్పలేదు.”

తిట్టడమా! ఆయన్ను కౌగిలించుకున్నంత పని చేశాను. అటక మీంచి దించిన డ్రైవ్ ముఖం నిండా పసుపు, మూడు కుంకుమబొట్లు. మూత విప్పితే హెడ్డు మీద కూడా ఎర్రగా ఉంది.

“లోపల కూడా పెట్టినావా?”

“పనిజేసేది లోపలే గదా సార్!”

ఎదురు ఆస్పత్రి నుంచి స్పిరిటు, దూది తెప్పించాను. అసలు కష్టం ఇక్కడే. మా చదువంతా హెడ్డు జరిగితే దాన్ని సరైన చోటికి తేవడమే. హెడ్డును జరిపే మర చేతికి తగులుతుంటే తిప్పెయ్యాలనిపిస్తుంది. తిప్పితే అంతే సంగతులు. మరను ముట్టుకోకుండా కుంకుమను మాత్రం తుడిచాను. పావుగంట పట్టింది. గడియారం ఒకటిన్నర దాటింది.

కేబులు, ఈసారి ఎర్ర గీత చూసి మరీ. కరెంటు వైరు. ఫ్లాపీ పెట్టి పిడి మూశాను. దీపం వెలిగింది. ఒకసారి గరగర. రెండోసారి. తర్వాత తెరమీద ఫైళ్ళ పేర్లు వరసగా, బారుగా దిగాయి. రమణయ్య “వచ్చినాయి, వచ్చినాయి సార్!” అని గంతేశాడు. నేనూ గంతేశాను, నా హోదా ఏమైనా కానీ. ఒక్క క్షణం ఆలస్యం లేకుండా మూడింటినీ హార్డ్‌డిస్కులోకి కాపీ చేసి, మరియమ్మ టీచరు ఊరి పేజీ ప్రింటు తీశాం. ప్రింటరు చివరి వరస కొట్టిన నాలుగు నిమిషాలకు కరెంటు పోయింది.

ఆవిడ కాయితం మీద వేలు పెట్టి చదివింది. ఇరవై మూడు బావుల్లో తాగదగ్గ నీళ్ళు ఒక్కదాంట్లోనే ఉన్నాయి.

“మిట్టమీద పాడుబాయా! దానికాడికి మేకలు గూడా పోవే!” అంది. ఆ కాయితం పట్టుకుని బయటికి పరుగెత్తింది, నాకు వెళ్ళొస్తానని కూడా చెప్పలేదు.

ఆ సాయంత్రమే పాడుబావి పక్కన బోరు దింపారు. నీళ్ళు పడ్డాయి. తర్వాత వచ్చిన పరీక్ష ఫలితం కూడా పాత లెక్కతో సరిపోయింది.

మా వృత్తిలో వస్తువు బాగుందా లేదా అన్నదే చూడటం నేర్పుతారు. దానితో ఏం చేశారో చూడమని ఎవరూ చెప్పరు. ఆ రోజు తర్వాత రిటైరయ్యేదాకా, ఏ డ్రైవ్‌నైనా కండెమ్ చేసే ముందు, దీంతో రాసినవి ఇంకా ఎక్కడైనా ఉన్నాయా అని అడిగి, జవాబును కాల్ రిపోర్టులో రాసేవాణ్ణి. అంతకు ముందు ఆరేళ్ళపాటు ఆ ప్రశ్న అడక్కుండానే సంతకాలు పెట్టాను. వాటిలో ఏ ఊరి లెక్కలు పోయాయో నాకు తెలియదు, తెలుసుకునే దారీ లేదు.