టమాట నొక్కితే వరి

కొత్తగ ఉద్యోగంల చేరిన రోజుల్లో, మనకు రాని విద్యే లేదనిపిస్తది. మేడ్చల్‌ల ఓ చిన్న ఆఫీసుల చేరిన మూడో నెలకే రైతుల కోసం పంటల సలహాల యాప్ సొంతంగ రాసిన (సొంతంగ అన్న మాట అప్పట్ల రోజుకు పదిసార్లు వాడేదాన్ని). సలహాలు శానమట్టుకు ఒకటే పొడుగాటి పేజీల ఉండేటివి. మొదట వరి, నడుమ టమాట. బంతి పూలకు మాత్రం వేరే పేజీ. పంట పేరు నొక్కితే, లింకు చివర హ్యాష్ (#) గుర్తు పక్కన రాసిన పేరును బట్టి పేజీ నేరుగ ఆ పంట కాడ తెరుచుకునేది. దేవరయాంజాల్‌ల ఉండే మా మేనత్త ఫోన్ల అందరికంటే ముందు ఎక్కించిన.

ఒకనాడు పొద్దున్నే అత్త ఫోను. "ఏందే పిల్లా, టమాటకు మడి నిండ నీళ్లు నిలబెట్టుమంటాంది నీ యాపు? కోడలు సదువుకున్నది, ఆమె చెప్తే ఇనాలె అనుకుంట మీ మామ మోటరెయ్య పోయిండు!" "అత్తా, ఆపు! జల్దీ!" అని నేను అరిస్తే ఆఫీసంత లేచి నిలబడ్డది. ఫోన్ల అత్త ఉరుకుడు, కేకలు. కాసేపటికి రొప్పుకుంట, "ఆపిన. ఒక్క సాలు తడిసింది, అంతే," అన్నది.

మా ఆఫీసుల సర్వర్లు చూసుకుంట, ముందు రోజే పేజీలను కొత్త అడ్రసుకు మార్చిన సర్వర్ అన్న (మేం పెట్టుకున్న పేరే) మీదికి పోయిన. "అన్నా, నీ సర్వరు టమాట అడిగితే వరి ఇస్తాంది!"

ఆయన నవ్విండు. "హ్యాష్ పక్క ముక్క నా దాక రానే రాదమ్మా, అది నీ యాప్ కాడనే ఉంటది. పేజీ ఎక్కడికి మారిందో నేను చెప్త. ఆ ముక్కను అక్కడిదాక మోసుకపోవాల్సింది నువ్వే."

నా యాపు పాత అడ్రసుతోటి ఆ ముక్కను గూడ పారేసి, కొత్త పేజీల మొదట కనబడ్డ వరి కాడ నిలబడుతాంది! పది నిమిషాల్ల సరిజేసి గంతులేసిన. బంతి నొక్కిన. అది ఎటూ పోలే. బంతి పేజీకి అన్న ఇచ్చిన కొత్త అడ్రసుల ముందే ఒక హ్యాష్ ఉన్నది, దాని మీద నాదొకటి అతికించిన!

"కొత్త దాంట్ల హ్యాష్ ఉంటే దాని మాటే ఇను," అన్నడు అన్న. "లేకుంటెనే నీది తగిలించు."

మధ్యాహ్నానికి అన్నీ నడిచినయ్. అత్తకు ఫోన్ జేసి టమాట నొక్కుమన్న. "వచ్చిందే! నీళ్లు నిలవనియ్యొద్దంటాంది!" అన్నది. నా సంబురం మస్తు. ఇంతల మామ ఫోన్ గుంజుకొని, "బిడ్డా, నాకు ముందే అనుమానం ఉండె," అన్నడు.

ఇప్పుడు తప్పు దొరికితే ఇంకొకల మీదికి పోకముందు నేను రాసిందే చూసుకుంట. అంత చిన్న గుర్తు కోసం ఆఫీసును లేపి నిలబెట్టిన ఆ పిల్ల యాదికొస్తే నవ్వొస్తది. ఆమెకున్న ధీమా మీద కొంచెం కుళ్లు గూడ పుడ్తది.