పరగడుపున వేసుకున్న బిళ్లలు

తండ్రి పోయాక నన్ను పెంచింది మేనమామే. గద్వాలలో ఆయన ఇంటి వసారాలోనే నా మగ్గం. గుంటలో కాళ్లు పెట్టి పొద్దంతా నేసేవాణ్ని. మీసాలు సరిగా రాకముందే నడుము పట్టేసింది. ఇది పందొమ్మిది వందల నలభైల నాటి మాట. అప్పుడు మామ ఒక పెళ్లివారి చీరలు ఒప్పుకున్నాడు. ముహూర్తం దగ్గర పడుతోంది, నేనేమో వంగలేక మూలుగుతున్నాను.

మామ నొప్పులకు తాను వాడుకునే తెల్లబిళ్లలు తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"పరిగడుపున ఏస్కో అల్లుడా. మందు జల్ది పట్టుకుంటది."

ఆయన మాటకు ఎదురడిగి ఎరగను. తెల్లవారుతూనే గుక్కెడు నీళ్లతో మింగి మగ్గంలోకి దిగేవాణ్ని. నొప్పి తగ్గేది. తిరిగి వస్తే మరొకటి మింగేవాణ్ని. కొన్నాళ్లకు రొమ్ము కింద మంట మొదలైంది.

"ఏడి జేసింది. మజ్జిగ తాగు," అన్నాడు మామ.

తర్వాత మలం తారులా నల్లబడింది. సిగ్గుతో ఎవరికీ చెప్పలేదు. ఒకనాడు తెగిన పోగు అతుకుతూ కళ్లు తిరిగి పడిపోయాను. పక్కింటి నేతగాళ్లు బండిలో దవాఖానకు చేర్చారు.

డాక్టరు నా మొలలో దొరికిన బిళ్లను చూసి తల పట్టుకున్నాడు. "ఉత్త కడుపుల మింగినవా? కడుపుల పుండయి నెత్తురు కారుతుంది. తిన్నంక, నిండు గిలాస నీళ్లతోని ఏస్కోవాలె. కడుపుల మంట ఉన్నోళ్లు అస్సలు ముట్టొద్దు."

మామకు తెలియక చెప్పాడనుకున్నాను. ఆయన బాధపడతాడని ఇంటికొచ్చాక ఆ మాటే ఎత్తలేదు. గంజి తాగుతూ వసారాలో పడుకున్నాను.

ఆ వారంలోనే మామ ఎండలో అయిజ ఊరికి వెళ్లొచ్చి, తల పగిలిపోతోందంటూ బిళ్ల అడిగాడు.

"జర ఆగు, ముందుగాల రొట్టె తిను," అంది అత్తమ్మ లోపలినుంచి. "పోయినేడు మా తల్లిగారింట్ల ఉత్త కడుపుల ఏస్కొని నెత్తురు కక్కుకున్నవు, మర్శినవా?"

నేను గోడ పట్టుకుని లేచి కూర్చున్నాను. "మామా, నీకు ముందే ఎర్కనా?"

ఆయన నా వైపు చూడలేదు. "తిని ఏస్కుంటే మందు ఆల్శంగ పట్టుకుంటది. మగ్గం ఆగుతుండెరా... గింత అయితదనుకోలే."

రొట్టె తెస్తున్న అత్తమ్మ గడపలోనే నిలబడిపోయింది. "పిలగానికి పరిగడుపున ఏస్కొమ్మని జెప్పినవా?" అని మాత్రం అడిగింది. నాకు కోపం కూడా రాలేదు. కడుపులో మంటకంటే లోతుగా ఏదో చల్లబడిపోయింది.

నడవగలిగాక వేరే వీధిలో, మరొకరి మగ్గం మీద కూర్చున్నాను. పెళ్లి చీరలు ఎవరు పూర్తి చేశారో అడగలేదు. నడుము నొప్పికి ఉప్పు మూటతో కాపడం పెట్టుకునేవాణ్ని.

నా పెళ్లిలో ఆయన కాళ్లకు మొక్కాను. పిల్లలు పుడితే తీసుకెళ్లి చూపించాను. కానీ ఒంట్లో బాగాలేదని మాత్రం మామకు మళ్లీ ఎన్నడూ చెప్పలేదు.