విస్తట్లోకి రాని టమోటా

మొన్న కుప్పంలో మా మేనత్త సంవత్సరీకానికి పోయి విస్తరి ముందు కూర్చున్నాను. వంకాయ కూర వచ్చింది, అరటికాయ వచ్చింది, గుమ్మడికాయ పులుసు వచ్చింది. టమోటా మాత్రం రాలేదు. ముప్పై ఏళ్లు టమోటా పండించి కొడుకును చదివించిన మనిషికి పెట్టే తొలి ఏటి భోజనమది. నాకు ఒళ్లు మండింది. పక్కన కూర్చున్న బావను, అంటే ఆమె కొడుకును, ఇదేమిటని అడిగాను. అది పరదేశం కాయ, పెద్దలకు పెట్టకూడదని నాకే పాఠం చెప్పాడు. నేను మదనపల్లెలో బతుకంతా వృక్షశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి.

మేనత్తకు పుంగనూరు నుంచి పెద్దపంజాణి పోయే దారిలో రెండెకరాలుండేవి. సెలవుల్లో పోతే ముందు చేతికి బుట్ట ఇచ్చేది, తర్వాతే మజ్జిగ. టమోటా ఆకు పసరు వేళ్లకు పట్టి నల్లబడేది. సబ్బుకు పోయేది కాదు, ఆ వాసనతోనే అన్నం తినేవాళ్లం. ఒకరోజు ఆమె టమోటా పువ్వు, వంకాయ పువ్వు, గట్టు మీద దానంతటదే మొలిచే కామంచి పువ్వు కోసి నా అరచేతిలో పెట్టింది. ఒకటి పసుపు, ఒకటి ఊదా, ఒకటి తెలుపు. మూడూ చుక్కల్లా విచ్చుకుని ఉన్నాయి, మూడింటి నడుమా పసుప్పచ్చటి ముక్కు. "సూడప్పా, రంగులే వేరే. మూడూ ఒక తల్లి బిడ్డలే," అంది. ఆ తల్లి పేరు సొలానం అని కాలేజీలో తెలుసుకోవడానికి నాకు ఇంకో పదేళ్లు పట్టింది.

ఆ వంశం దక్షిణ అమెరికాలో పుట్టిందంటారు. మనుషులు లేని కాలంలోనే ఒక శాఖ ఎట్లాగో ఆఫ్రికా చేరి, అక్కణ్ణించి ఇటు పాకి, చివరకు మన వంకాయ అయింది. టమోటా పుట్టింటి వైపే ఉండిపోయి, చాలా ఆలస్యంగా ఓడెక్కి వచ్చింది. ఇద్దరూ వలస వచ్చినవాళ్లే. ముందొచ్చినవాడికి పీట వేసి, వెనకొచ్చిన తమ్ముణ్ణి గుమ్మంలో నిలబెట్టడం ఏం మర్యాద? ఆ పులుసులోని గుమ్మడికాయదీ అమెరికానే. దాన్ని మాత్రం ఏ ఊరని ఎవరూ అడగలేదు.

మా మామకు టమోటా పప్పంటే ప్రాణం. ఆయన తద్దినానికి అది వండాలని మేనత్త ప్రతి ఏడూ ఆశపడేది. ప్రతి ఏడూ ఆమె అత్తగారు, ఆ ముసలామె పోయాక మామ అన్నగారు వద్దనేవాళ్లు. ఒకసారి మా ఇద్దరి ఎదుటే అంది, "ఆయప్పకి పెట్టుకోలేకపోతిని. నాకన్నా పెట్టండప్పా." బావా నేనూ తల ఊపాం.

ఆ మాట గుర్తుచేసి బావను అక్కడే నిలదీశాను. అతడు తలెత్తకుండా అన్నం కలుపుతూనే, "నాకూ పెట్టాలనే ఉండాది బావా. పెద్దోళ్లు ఒప్పుకోవల్ల గదా," అన్నాడు.

ఆ పెద్దవాళ్లెవరో చూసి కడిగేద్దామని పంక్తి ఈ చివర నుంచి ఆ చివరకు చూశాను. అంతా మా తమ్ముళ్లు, మా పిల్లలు, వాళ్ల పిల్లలు. వద్దన్నవాళ్లలో ఒక్కరూ మిగల్లేదు. అరవై అయిదు దాటిన మేమిద్దరమే అక్కడ అందరికంటే పెద్దవాళ్లం. ఎప్పుడయ్యామో మాకెవరూ చెప్పలేదు.