పడమటి గేటు అత్త

సంతాపం ప్రకటించడానికి ఒక పద్ధతి ఉన్నది. మృతులు మా కాలనీ సంక్షేమ సంఘంలో సభ్యులై ఉండాలి, లేదా సభ్యుల రక్తసంబంధీకులై ఉండాలి. సమావేశంలో ఒకరు ప్రతిపాదించాలి, మరొకరు బలపరచాలి, ఆ తరువాతే అందరూ లేచి నిలబడాలి. సంఘానికి విరోధిగా బతికి, విరోధిగానే కన్నుమూసిన మనిషి విషయంలో ఏం చేయాలో నిబంధనలు చెప్పవు. మా పడమటి గేటు ముందు రోడ్డు మీద చేపలు ఎండబెట్టే అత్త పోయిన వారం మరణించింది. ఆమె మృతికి సంఘం విచారిస్తున్నదా లేదా అన్నది ఇంకా తేలలేదు. కార్యదర్శినైన నేను మాత్రం, తీర్మానం కోసం ఆగకుండా విచారిస్తున్నాను.

మా కాలనీ భోగాపురం దాటి సముద్రం వైపు పోయే రోడ్డు చివర ఉంది. విమానాశ్రయం వస్తుందన్న మాట పుట్టిన కొత్తలో, ఏడాది పొడుగునా ఎండ, వాకిట్లోనే సముద్రం అని రంగుల కాగితాల మీద అచ్చువేస్తే నమ్మి కొనుక్కున్నవాళ్ళం. ఎక్కువమంది విశ్రాంత ఉద్యోగులు. ఎండ కోసం వచ్చిన మాలో ఎవరమూ పొద్దెక్కాక గడప దాటం. సముద్రంలో పాదం తడుపుకున్నవాళ్ళు తక్కువ. అయినా ఆ రెండూ మావేనన్న విషయంలో మాకు భేదాభిప్రాయాలు లేవు.

జాలరుల పల్లెకూ సముద్రపు ఒడ్డుకూ మధ్య ఉన్న మా స్థలంలోంచి ఒక బాట పోతుండేది. పల్లె ఆడవాళ్ళు వేటచేపను గంపలకెత్తుకుని ఆ బాటనే ఇళ్ళకు చేరేవారు. భద్రత దృష్ట్యా మేము దానికి గేటు పెట్టి తాళం వేశాం. అప్పటినుంచి వాళ్ళు ఉప్పుటేరు దాటి, సరుగుడు తోట చుట్టి రావలసి వచ్చింది. నెత్తిన గంపతో ఆ ఎండలో అంత దూరం తిరిగేసరికి చేప మెత్తబడిపోయేది. అత్త వాదించలేదు, అర్జీ పెట్టలేదు. అంతవరకు ఒడ్డున ఇసుకలో ఆరబెట్టుకునే కవళ్ళు, నెత్తళ్ళు వంటి చిన్న చేపలను మోసుకొచ్చి సరిగ్గా మా గేటు ముందు పరిచింది. తెల్లవారుజామున నేల మీంచి సముద్రం వైపు గాలి తిరిగేది. ఆ వాసనకే మాకు మెలకువ వచ్చేది.

మా వాచ్‌మన్ ఆమె తమ్ముడి కొడుకు. అతడు అత్త అన్నాడు గనుక మేమూ అత్త అన్నాం. అంతకు మించిన బంధుత్వం ఏదీ ఏర్పడకుండా ఇరుపక్షాలూ జాగ్రత్త వహించాయి. ఆమె గేటుకు వీపు పెట్టి కూర్చునేది. చుట్ట నిప్పును నోటిలోపలికి తిప్పుకుని అడ్డపొగ తాగేది. వెనక కారు హారన్ మోగిస్తే చేతిలోని చేపను తిరగవేసి, దాని పక్కదాన్ని తిరగవేసి, ఆ పక్కదాని సంగతి కూడా ఆలోచించి, అప్పుడు లేచేది.

మా సంఘాధ్యక్షులు విశ్రాంత డిప్యూటీ తహశీల్దారు. ఒక ఉదయం ఆయన స్వయంగా సంచీ పట్టుకుని వెళ్ళి వంజరం ఉందా అని అడిగారు.

"ఉన్నాది. నీకు నేదు."

"డబ్బులిస్తానమ్మా."

"గేటు తీస్తే సేప. గేటు మూస్తే గాలి తిను బాబూ. గాలి కోసవే గదా వొచ్చినావు?"

అది ఆమె ఒక్కరి మాట కాదని ఆ వారంలోనే తేలింది. పల్లెలో ఏ గంపా మాకు దిగలేదు. అలల చప్పుడు వింటూ, పట్నంనుంచి ఐసులో వచ్చిన చేపను తిన్న కాలనీ మాది. ఆదివారాలు సముద్రం చూడడానికి వచ్చే బంధువులు విస్తరిలో కోడికూర చూసి మా ముఖాలు చూసేవారు.

విజయనగరంనుంచి వచ్చిన మా బావమరిది ఈ అవమానం భరించలేక, ఎవరికీ చెప్పకుండా వెళ్ళి చందువలు బేరం చేశాడు. చేపలు సంచీలో పడ్డాక అత్త అడిగింది.

"ఏ ఇంటికొచ్చినావు బాబూ?"

అతడు నా పేరు చెప్పాడు. ఆమె సంచీలో చెయ్యి పెట్టి చందువలను తిరిగి తీసుకుని, డబ్బు అతని జేబులో పెట్టింది.

"నువ్వు మంచోడివే. నీ బావే మంచోడు కాడు. ఎల్లు."

ఆ మాటను మా ఇంట్లో అందరూ భోజనాల దగ్గర చాలాకాలం గుర్తుచేసుకున్నారు. నా భార్య మరీ ఎక్కువగా.

ఒకసారి చర్చలకు పిలిచాం. సంఘం గదిలో కుర్చీ వేయించి, టీ పెట్టించి, వాచ్‌మన్‌ను పంపాం. ఆమె గేటు బయటే నిలబడి జవాబిచ్చింది.

"నాను రాను. లోపలికొస్తే సుట్టాన్నైపోతాను. ఈ బాట కాడ నాను సుట్టాన్ని కాను, మీరే సుట్టాలు. ఆ బాబుల్నే బైటికి రమ్మను."

మేము బయటికి వెళ్ళలేదు. చర్చలు స్నేహపూర్వక వాతావరణంలో ముగిశాయని సభ్యులకు తెలియజేశాం.

ఆమెకు మేము రుణపడిన మాట నిజం. పక్కింటివారి ముఖం తెలియని మనుషులం, ఆమెను తిట్టుకోవడానికే ఒకచోట చేరాం. పండుగకు రాని వాళ్ళు సైతం ఆమె మీద ఫిర్యాదుకు వచ్చి సంతకాలు చేశారు. మేము ఒక సంఘంగా నిలిచింది ఆమె వీపు ఎదుటనే.

ఆమె పోయిన రోజు వానలు పడి ఉప్పుటేరు నిండుగా పారుతున్నది. పల్లెవారి శ్మశానం సముద్రపు ఒడ్డున ఉంది. పొద్దున వాచ్‌మన్ ఫోన్ చేశాడు.

"సార్, గేటు కాడికి మా అత్తొచ్చింది."

"ఆవిడ పోయిందన్నావు కదయ్యా?"

"పోయింది బాబూ. పోయే, వొచ్చింది."

వెళ్ళి చూశాను. గేటు అవతల పాడె దించి ఉంది. దాని వెనక పల్లె అంతా నిలబడి ఉంది. ఇవతల అధ్యక్షులు తాళం మీద చెయ్యి వేసి ఉన్నారు.

"ఈరోజు తీస్తే బాట వాళ్ళదైపోతుంది. చుట్టూ తీసుకెళ్ళమనండి."

పాడె పక్కనుంచి ఆమె తమ్ముడు అన్నాడు. "ఏరు పీకల్లోతున్నాది. మా అప్పని ఈదమంటావేటి?"

ఎవరూ కదలలేదు. ఎండ ఎక్కుతున్నది. సభ్యులెవరైనా తమ ఇంటికి వచ్చారని చెబితే తప్ప బయటివారికి గేటు తీయరాదన్నది మా నిబంధన. రాసింది నేనే. కాబట్టి దాని ప్రకారమే నడుచుకున్నాను.

"మా ఇంటికొచ్చింది. తాళం తీయి."

తమ్ముడు నా వైపు చూసిన చూపులో కృతజ్ఞత లేదు. "బతికినన్నాళ్ళూ సుట్టంగా రానన్నాది. సచ్చినాక సుట్టాన్ని సేసేసినావా?"

వాచ్‌మన్ తాళం తీసి, టోపీ కుర్చీ మీద పెట్టి, అత్త పాడెకు భుజం పట్టాడు. వాళ్ళు మా ఇళ్ళ మధ్యనుంచి, మా కిటికీల ముందునుంచి, ఎవరి వైపూ చూడకుండా సముద్రం దాకా నడిచారు.

సాయంత్రం అతడు తడిబట్టలతో నా దగ్గరికి వచ్చాడు. "ఎల్లినోళ్ళందరూ బైటికొచ్చీసినారు సార్. అత్తొకర్తే రానేదు. తాళమెయ్యమంటారా?"

మర్నాడు తెల్లవారేసరికి పల్లె ఆడవాళ్ళు నీళ్ళు కారుతున్న గంపలతో ఆ బాటన వచ్చారు. ఒక్కరూ మా గుమ్మాల ముందు ఆగలేదు. చేప ఇంకా అమ్మడం లేదు. అధ్యక్షులు అత్యవసర సమావేశం కోరి, తాళం తెమ్మని బల్ల చరిచారు. కార్యదర్శిగా నాకున్న అధికారంతో కింది నిబంధనను ప్రకటించి సమావేశం ముగించాను.

పడమటి గేటు ద్వారా లోపలికి వెళ్ళిన అతిథి తన ఇష్టప్రకారం తిరిగి బయటికి వచ్చేవరకు ఆ గేటు మూయరాదు. ఆమెను తొందరపెట్టరాదు. ఇది తుది నిర్ణయం.