కొత్త కీబోర్డుకు ఇచ్చినంత జాగా

“అవ్వా, ఊకె అవునని ఒత్తు. అందరు ఒత్తుతరు.”

“ఒత్తనీ. అక్షరాలు ఇయ్యనీకె వచ్చినోనికి ఇల్లంత ఎందుకే?”

“పెద్దవ్వకు నువ్వు రాసేటియి పప్పుచారు ముచ్చట్లు! ఎవడు చదువుతడు?”

“పప్పుచారైనా నాదే పిల్లా.”

మొన్న కొత్త ఫోను ఇట్లాంటి ప్రశ్నే వేస్తే, తెలంగాణ వచ్చిన కొత్తలో మనవరాలితో పడిన ఈ తగవు గుర్తుకొచ్చింది. కోడలు పక్కన పెట్టిన ఫోనును పారేయనీయక నేనే వాడుకుంటున్న రోజులవి. అందులో తెలుగు అక్షరాలు లేవు. బయటివాళ్లు చేసిన కీబోర్డు తెచ్చి తగిలించుకోవాలి. హుజూర్‌నగర్‌లో ఉండే మా అక్కకు, అంటే పిల్ల అన్న పెద్దవ్వకు, చెవులు పూర్తిగా పోయి, ఫోను చేస్తే నేను అరవడం, ఆమె “ఆఁ?” అనడం, చివరికి ఇద్దరం విసిగి మాటలే మానుకున్నాం. రాస్తే మాత్రం చదువుతుంది, నాలాగే మూడో తరగతి దాకా బడికి పోయిన మనిషి. తీరా తగిలించబోతే, మీరు ఒత్తే ప్రతి అక్షరమూ దీన్ని చేసినవాళ్లకు చేరవచ్చు, పూర్తి అనుమతి ఇస్తారా అని ఫోను అడిగింది.

మీకూ గుర్తుండే ఉంటుంది, గిన్నెలకు కలాయి పోసే ఆయన వస్తే వాకిట్లోనే కొలిమి పెట్టుకునేవాడు. ఇత్తడి సామానంతా మేమే బయటికి తెచ్చి ఇచ్చేవాళ్లం, అతనికి అన్నం, నీళ్లు అక్కడికే వచ్చేవి. అనుమానంతో కాదు, పనికెంత జాగా కావాలో అంతే. వంటింట్లోకి మేము రమ్మనలేదు, వస్తానని అతనూ అనలేదు.

మనవరాలు మూతి ముడుచుకునే ఫోనంతా వెతికింది. అనుమతి ఇవ్వకపోయినా కీబోర్డు అక్షరాలు ఇస్తుందట, బయటికి మాత్రం ఏదీ పంపకుండా ఫోనే దాన్ని ఆపుతుందట. కొన్ని సోకులు తగ్గుతాయి, అవి నాకెందుకు? ఆ సాయంత్రం ఒక్కో అక్షరమూ వెతుక్కుని అక్కకు నాలుగు మాటలు రాసి పంపాను.

ఇప్పుడైతే ఏది అడిగినా చదవకుండానే ఒత్తేస్తున్నారు. గడప దగ్గర ఆగి అడిగే మర్యాద మనుషుల్లో పలచబడి, ఫోనులోనే కాస్త మిగిలినట్టుంది.

అక్కకు రాసిన ఆ మర్నాడు పొద్దున నేను వాకిలి ఊడుస్తుంటే, అక్క తన మాటను రికార్డు చేసి పంపింది. తన గొంతు తనకే వినబడని మనిషి కదా, పక్కింటి దాకా మోగింది: “చదివిన చెల్లే, మల్ల చదివిన. మోకాళ్లెట్లున్నయో రాయకపోతివేందే? జర మంచిగ రాయి, నాకేం పనున్నది!”

చీపురు గోడకు ఆనించి, అరుగు మీద కూర్చుని మోకాళ్ల సంగతి రాయడం మొదలుపెట్టాను.