మిస్త్రీ గారి ఫసలీ వయసు

మిస్త్రీ పోయిన సంగతి నాకు మూల చింపిన పోస్టుకార్డు చెప్పింది. అట్లాంటి కార్డు చేతికొస్తే చదవకముందే ఎవరో పోయారని తెలుస్తుంది, ఎవరన్నది చదివితే గాని తెలియదు. కరీంనగర్‌లో నేను గుమాస్తాగా ఉన్న బడి వరండాలో నిలబడి చదివాను. బాపు సోమవారం పోయిండు, పదోదినానికి రాగలరని ఆయన బిడ్డ ఎవరిచేతనో రాయించింది. చదువుతుండగానే నా నాలుక పైవరసలో పన్ను లేని సందులోకి పోయింది. ఆ పన్ను ఊడగొట్టింది ఆయనే.

పోయినవారి గురించి ఇట్లా మొదలుపెట్టడం మర్యాద కాదని తెలుసు. కానీ ఆయన గురించి మర్యాదగా రాస్తే అది ఇంకెవరి గురించో రాసినట్టుంటుంది. మా ఇద్దరి మధ్య జరిగిందంతా దెబ్బలతో, నెత్తురుతో జరిగింది. తప్పెవరిదో కూడా ముందే చెప్పేస్తాను. నాది.

పదేండ్ల కిందటి మాట. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రెండేండ్లయింది. ఆదిలాబాదు జిల్లా బోథ్ దగ్గర ఒక జిన్నింగు మిల్లులో నేను గుమాస్తాను. పత్తిలోంచి గింజ తీసి దూదిని గోనె బోరాల్లో కూరే మిల్లు అది. రజాకార్ల గడబిడలో మా ఇంటివాళ్ళు నన్ను తీసుకుని నిజాం సరిహద్దు దాటి చాందాకు పారిపోయారు, నా చదువంతా అక్కడే సాగింది. ఇంగ్లీషు వచ్చు, మరాఠీ వచ్చు. ఉర్దూలో మొదటి అక్షరం అలీఫ్ కూడా రాదు. రాదన్న సిగ్గు కూడా లేదు. నిజాము పోయాడు, ఇక ఉర్దూ ఎవడికి కావాలని తిరిగేవాణ్ణి.

మిల్లుకు ఇంజను నడిపే మిస్త్రీ కావలసి వచ్చాడు. అప్పుడొచ్చాడాయన. పొట్టి మనిషి, వెడల్పు భుజాలు, చంకలో ఒక రేకు గొట్టం. గొట్టంలో నిజాం జమానాలో హైదరాబాదులో తీసుకున్న సర్టిఫికెట్ ఉంది. అక్కడ ఒక పెద్ద కార్ఖానాలో పదిహేనేండ్లు ఇంజన్లు నడిపాడు. పోలీస్ యాక్షన్ తర్వాత ఆ కార్ఖానా మూతపడితే ఊరూరా తిరుగుతున్నాడు. భార్య లేదు, పెళ్ళీడుకొచ్చిన ఒక్క బిడ్డ. ఎక్కడికి పోయినా ముందు సర్టిఫికెట్ చూసి మెచ్చుకుంటారట, తర్వాత అది చూసే వద్దంటారట.

మేనేజరు ఆయనను పరీక్షించడానికి ఇంజను దగ్గరికి తీసుకుపోయాడు. ఆయన ఇంజను నడిపించి, అరచెయ్యి దానిమీద ఆనించి, కళ్ళు మూసుకుని విన్నాడు. తర్వాత ఎవరినీ అడగకుండా ఆపేశాడు. లోపల బేరింగు పోతోంది, పది రోజులు మిల్లు ఆపి బాగు చేయాలి, తిరిగే తోలు పట్టాలకు అడ్డం జాలీ లేదు, ఒక మనిషి సచ్చినంక పెడతరా అని అడిగాడు. పత్తి కాలం ముమ్మరంగా ఉంది. మేనేజరు మొహం మాడిపోయింది. ఆఫీసు గదిలోకి వచ్చి నాతో అన్నాడు.

"గింత తెలిసినోడు మనకెందుకు? రేపు నన్నే ఆపుతడు. ఏదన్న కాయిదా చూడు."

కాయిదా ఒకటి ఉంది. యాభై దాటినవాళ్ళను మిషను మీదకు తీసుకోవద్దని. సర్టిఫికెట్‌లో పుట్టిన సంవత్సరం ఉంది. ఉర్దూలో అంకెలు మాత్రమే వచ్చిన మా జవాను అది చదివి పెట్టాడు, పదమూడు వందల ఇరవై. గోడమీద చాందా నుంచి తెచ్చుకున్న క్యాలెండరు ఉంది, అందులో ఇంగ్లీషు సంవత్సరం పక్కన హిజ్రీ సంవత్సరం వేసి ఉంటుంది. ఉర్దూ కాగితం కదా, హిజ్రీయే అనుకున్నాను. క్యాలెండరులోని పదమూడు వందల డెబ్బై ఏడులోంచి ఇది తీసేశాను. యాభై ఏడు. దరఖాస్తు మీద ఎర్రసిరాతో రాసి సున్నా చుట్టాను. మేనేజరు నా భుజం తట్టాడు. ఆ తట్టుడుకు ఆ పూటంతా నా కాళ్ళు నేలమీద లేవు.

మరునాడు పొద్దున ఆయన నా బల్ల ముందుకొచ్చి నిలబడ్డాడు. కోపంగా రాలేదు. మొదట నిదానంగానే చెప్పాడు.

"గిది ఫసలీ సన్ కొడుకా, హిజ్రీ కాదు. నిజాం సర్కారు దఫ్తర్ల అంత ఫసలీనే. దానికి ఐదువందల తొంభై కలుపు. నాకు నలభై ఎనిమిది."

పంటల లెక్కన నడిచే ఆ ఫసలీ పేరు నేను విననిది కాదు. మా తాత భూమి రసీదుల మీద చూశాను. వేళ్ళు ముడిచి లెక్క కట్టాను, ఆయన చెప్పింది నిజం. నేను తప్పు చేశాను. ఇంతవరకు అది తెలియక చేసిన తప్పు. పక్కగదిలో మేనేజరు దగ్గు వినపడింది. నిన్న తట్టిన భుజం గుర్తొచ్చింది. రాసింది రాసిందే, ఇప్పుడు మార్చడానికి వీల్లేదని నేనన్నాను. ఇది తెలిసి చేసిన తప్పు.

ఆయన కొట్టాడు. పదిహేనేండ్లు పానాలు తిప్పిన చెయ్యి. కుర్చీతో సహా వెనక్కి పడ్డాను. నోట్లో ఏదో గట్టిగా తగిలితే ఉమ్మేశాను. పన్ను బండమీద దొర్లుతూ పోయింది. ముగ్గురు కావలివాళ్ళు పరుగెత్తుకొచ్చి ఆయనను వాకిట్లోకి లాగి లాఠీలతో కొట్టారు. పడిపోయాక కూడా కొట్టారు. నెత్తి పగిలి నెత్తురు కండ్లలోకి కారుతోంది. నేను గుమ్మం పట్టుకుని చూస్తున్నాను. చాలు అనడానికి నోరు రాలేదు. నోటినిండా నెత్తురు ఉన్నందువల్ల కాదు. ఆయన లేచి రేకు గొట్టం వెతుక్కుని, బండమీద ఇంకేదో ఏరుకుని పోయాడు. తర్వాత నా పన్ను కోసం నేను ఎంత వెతికినా దొరకలేదు.

వారం తిరక్కుండా తలకు కట్టుతోనే మళ్ళీ వచ్చాడు, ఈసారి బోరాలు మోసే హమాలీగా. హమాలీలకు కాగితాలు, వయసులు ఎవడూ అడగడు. మేనేజరు చూసి నవ్వి ఊరుకున్నాడు. ఆ ఇంజను ఎన్నాళ్ళో నడవదని, ఏదో ఒకనాడు తనను పిలవక తప్పదని ఆయన అక్కడే కాచుకున్నాడని నాకు తర్వాత తెలిసింది. బోరా దించి వచ్చేటప్పుడల్లా ఇంజను గది గోడమీద అరచెయ్యి ఆనించి ఒక్క క్షణం ఆగేవాడు. లోపల మేనేజరు తాలూకు పిల్లగాడు, ఇరవై ఏండ్లు కూడా లేనివాడు, ఇంజను నడిపేవాడు. వాడికి తెలిసిందల్లా నూనె పొయ్యడం.

ఆ మిల్లులో నెత్తురు పడని వారం లేదు. గింజ తీసే జిన్ను కోరలు ఒకనాడు పత్తి వేసే ఆడమనిషి అరచెయ్యిని గీరేస్తాయి, ఒకనాడు పట్టా తెగి ఎవడి వీపో చీరేస్తుంది. నెత్తురైన దూదిని ఏరి మిల్లు వెనక తగలబెట్టి, మిగతాది బోరాల్లో కూరేవాళ్ళు. ఒకసారి నడుస్తున్న జిన్నులోనే ఇరుక్కున్న గింజ తియ్యమని హమాలీల పెద్ద ఒక ముసలమ్మ చేతిని దాంట్లోకి నూకబోయాడు. మిస్త్రీ వాణ్ణి నడుం పట్టి ఎత్తి దూది కుప్పలో తలకిందులుగా దిగేసి, ఊపిరాడక కాళ్ళు కొట్టుకునేదాకా తియ్యలేదు. ఆ తర్వాత ఆయన జోలికి ఎవరూ పోలేదు.

భోజనాల వేళ ఆయన దగ్గర ఒక చిన్న మూట చూశాను. విరిగిన స్ప్రింగు, అరిగిన మేకు, ఇనుప చక్రం ముక్క. పారేయక ఎందుకు దాచుకున్నావని ఎవరో అడిగితే చెప్పాడు, "తప్పు నాదైతె ముక్క నా కాడుండాలె." తన చేతుల్లో, తన పొరపాటువల్ల విరిగిన ప్రతి దాని ముక్క ఒకటి ఆ మూటలో ఉండేదట. వాళ్ళ ఉస్తాద్ నేర్పిన పద్ధతి అది. ఆ మూటలో పట్టుమని పది ముక్కలు కూడా లేవు.

చలికాలంలో ఒక పొద్దున నేను బోరాలు లెక్కపెట్టడానికి జిన్నుల మధ్యకు పోయాను. మెడకు మఫ్లర్ ఉంది. పట్టా అతుకు దగ్గర ఇనుప కొక్కెం మఫ్లర్ కొసను పట్టుకుంది. ఒక్క గుంజు గుంజితే నా మొహం తిరుగుతున్న చక్రం మీదకు పోయింది. ఇంజను పిల్లగాడు నన్ను చూశాడు. చూసి, ఇంజను ఆపకుండా బయటికి పరుగెత్తాడు.

మిస్త్రీ మోస్తున్న బోరా విసిరేసి వచ్చాడు. ఒక కర్ర తీసి పట్టాకు చక్రానికి మధ్య దూర్చాడు. కర్ర పుల్లలు పుల్లలుగా విరిగిపోయింది. అప్పుడు కుడిచేత్తో, ఉట్టి చేత్తో, నడుస్తున్న పట్టా అంచు పట్టి పక్కకు తోశాడు. పట్టా చక్రం మీంచి ఎగిరి పడింది. మఫ్లర్ వదులైంది. నేను కిందపడి చూస్తే నా మీదంతా నెత్తురు, కానీ అది నాది కాదు. ఆయన కుడిచేతికి మూడు వేళ్ళు లేవు.

ఆదిలాబాదు దవాఖానాకు పోయి ఆయన మంచం పక్కన కూర్చున్నాను. ఏడ్చాను. ఆయన నావైపు తిరిగాడు.

"నీ కోసం చేసిన అనుకోకు. మిషను ఆపుడు నా పని. గా పనికే గదా నేను మీ మిల్లుకొచ్చింది."

తిరిగి వచ్చి ఆ పూటే మేనేజరుకు చెప్పాను, ఆయన వయసు నేను తప్పు రాశాను, అది ఫసలీ, ఆయనకు యాభై నిండలేదు అని. అతను లెక్కల పుస్తకం మీంచి తలెత్తలేదు. "గిప్పుడు నలభై ఎనిమిదైతేంది, పద్దెనిమిదైతేంది? వేళ్ళేవి?" అన్నాడు. నా చేతికి అందిన ఇత్తడి సిరాబుడ్డి తీసి కొట్టాను. నుదురు చిట్లి, ఎర్రసిరా, నెత్తురు కలిసి మొహమంతా కారాయి. కావలివాళ్ళు నన్ను కూడా వాకిట్లోకే లాగారు. నా పక్కటెముక ఒకటి ఇప్పటికీ చలికాలం వస్తే నొస్తుంది. ఆ మిల్లులో నేను చేసిన మంచి పని అదొక్కటే, అదీ ఆలస్యంగా.

ఆ తర్వాత మిస్త్రీ బిడ్డ పెళ్ళి చేసి, ఆమె అత్తగారి ఊరికే చేరాడు. నేను కరీంనగర్‌లో పనికి కుదిరి, ఏటా రెండుసార్లు ఆయనను చూసివచ్చేవాణ్ణి. చుట్టుపక్కల బావుల మీద నూనె ఇంజన్లు వస్తున్న రోజులవి. ఆయన చెవి, బిడ్డ చెయ్యి. ఆయన గట్టు మీద కూర్చుని వింటూ చెప్తుంటే ఆమె పానా తిప్పేది. ఆడది ఇంజను ముడుతుందా అని గొణిగిన రైతును ఒకసారి ఎడమచేత్తో బావిలోకి తోసి, మళ్ళీ తనే తాడు వేశాడు. ఉద్యోగం మాట మాత్రం ఒక్కసారే ఎత్తాడు. "తక్కువ తెలిస్తె నేర్పుతరు. ఎక్కువ తెలిస్తె ఏం జెయ్యాలె? మర్చిపోవాల్నా?" అన్నాడు.

నాకు ఉర్దూ నేర్పింది ఆయనే. చదువు రాక మనిషిని ముసలోన్ని జేసినవ్, నేర్చుకో అన్నాడు. తప్పు చదివినప్పుడల్లా ఆ రెండువేళ్ళ చేత్తో నెత్తిమీద మొట్టేవాడు. ఆ మొట్టికాయలకు నేను రుణపడి ఉన్నాను. ఇంత గట్టిగా నా మంచి కోరినవాళ్ళు నాకు మరొకరు లేరు.

పదోదినం కర్మ అయ్యాక బిడ్డతో కలిసి, ఊళ్ళో చావు పుట్టుకలు రాసే పోలీస్ పటేల్ ఇంటికి పోయాను. చావు దస్త్రంలో ఇంకా రాయలేదు. పటేల్ వసారాలో కూర్చుని ఉన్నాడు, కొడుకు కలం పట్టాడు. వయసు గడి దగ్గర వాడు నన్నడగకుండానే డెబ్బై రాస్త అన్నాడు. యాభై ఎనిమిది అన్నాను. గా ముసలోడు యాభై ఎనిమిదా, సచ్చినోనికి ఎంత రాస్తె ఏంది అని నవ్వాడు.

వాడి గల్లా పట్టుకున్నాను. బల్ల పడింది, సిరా ఒలికింది. పదేండ్ల కిందట నన్ను కొట్టిన చెయ్యే నా భుజంలోంచి లేచినట్టు నా చెయ్యి లేచింది. మిస్త్రీ బిడ్డ వెనకనుంచి నా మణికట్టు పట్టుకుంది. ఇంజన్లు విప్పే పట్టు, కదల్చలేకపోయాను.

"వద్దు సార్. కాయితం చదువు."

రేకు గొట్టం నా చేతిలో పెట్టింది. సర్టిఫికెట్ తీసి, నిలబడి, ఉర్దూలోనే గట్టిగా చదివాను. ఎక్కడా తప్పు పోలేదు. సంవత్సరం దగ్గర ఫసలీ అన్న మాట ఒత్తి పలికాను. ముసలి పటేల్ ఆ లెక్కల్లోనే పుట్టి పెరిగినవాడు. వేళ్ళమీద లెక్క చూసుకుని, కొడుకు చేతిలోంచి కలం లాక్కుని తనే రాశాడు, యాభై ఎనిమిది. నేను ఎర్రసిరాతో రాసిన యాభై ఏడేండ్ల వయసు ఆయనకు నిరుడుగానీ రాలేదు.

గొట్టం అడుగున ఆ మూట ఉంది. బిడ్డ నా ముందు విప్పింది. స్ప్రింగు, మేకు, చక్రం ముక్క. వాటి మధ్య పసుపుపచ్చగా ఒక పన్ను.

"గిది నీది సార్. ఏ మిషనుదని అడిగితె, మనిషిది, కోపంల ఇరగ్గొట్టిన అనెటోడు. నువ్వొచ్చినప్పుడల్ల ఇద్దామనుకునేటోడు, ఇయ్యలేకపోయిండు."

నేను దాన్ని ముట్టుకోలేదు. ఆ పద్ధతి ప్రకారం ఆయన మూడు వేళ్ళు నా దగ్గర ఉండాలి. అవి ఆ రోజే నెత్తురు దూదితోపాటు మిల్లు వెనక కాలిపోయాయి. బిడ్డ పన్నును మళ్ళీ ముక్కల మధ్య పెట్టి మూట ముడి వేసింది.