ఆమె ఎత్తు బెల్లం

ప్రెస్సు మూసేసిన రోజు మా సేటు నా చేతిలో ఒక మిఠాయి డబ్బా పెట్టాడు. పని ఊడిన మనిషికి మిఠాయి ఎందుకో నాకు ఈనాటికీ అర్థం కాదు. వరంగల్‌లో ఆ చిన్న ప్రెస్సులో ఇరవై ఆరేళ్లు పెండ్లి పత్రికలు అచ్చు వేశాను, కత్తిరించాను, మడిచాను. ఇప్పుడు లగ్గం పెట్టుకున్నవాళ్లు పత్రికను ఫోన్‌లోనే పంపుకుంటున్నారు. దేవుడి ముందు పెట్టడానికి మాత్రం ఓ పాతిక కాయితాలు కొట్టించుకుంటారు. పాతిక కాయితాల మీద ప్రెస్సు నడుస్తుందా? మిషన్‌ను పాత ఇనుము కింద అమ్మేశారు. నాకప్పుడు యాభై ఒకటి.

నాది మొదటి నుంచీ నోటి దురుసే. పని ఉన్నన్నాళ్లు దాన్ని పౌరుషం అన్నారు. పని పోయాక పొగరు అన్నారు. ఫ్లెక్సీలు వేసే దుకాణంలో కంప్యూటర్ వచ్చా అని అడిగారు. బట్టల షాపువాళ్లు నా తల వెంట్రుకలు చూసి, మళ్లీ చెప్తాం పొమ్మన్నారు. నేను మాత్రం రోజూ పొద్దున తొమ్మిదింటికి టిఫిన్ డబ్బా పట్టుకుని బయటపడేవాడిని, వాడకట్టువాళ్లకు నేను ఖాళీగా ఉన్నట్టు తెలియకూడదని. పోయి రైల్వే స్టేషన్లో బల్ల మీద కూర్చునేవాడిని. డోర్నకల్ వైపు పోయే బండ్లన్నీ నాకు కంఠతా వచ్చేశాయి. సాయంత్రం అలసిపోయినవాడిలా ఇంటికి వచ్చేవాడిని. నిజంగానే అలసిపోయేవాడిని.

మాకు పిల్లలు లేరు. ఇంట్లో నేను, నా భార్య. ఆమె చీరలకు ఫాల్స్ కుట్టేది. నాకు పని పోయిన రెండో నెలలో ఆమె చర్చికి పోవడం మొదలుపెట్టింది. పక్క సందులో ఆకుకూరలు అమ్మే ముసలామె ఉంది, అందరం పెద్దమ్మ అని పిలుస్తాం. ఆమె తీసుకుపోయింది. రేకుల షెడ్డు, నాలుగు చాపలు, అదే చర్చి. నేను ఎగతాళి చేసేవాడిని. ఉన్న దేవుళ్లు సాలలేదా అన్నాను. నా భార్య నవ్వి ఊరుకునేది.

ఆ రోజుల్లోనే మా ఇంట్లో అన్నం పాడైంది. ఒకే ముద్దలో కొన్ని మెతుకులు జావ అయ్యేవి, కొన్ని పలుకు పలుకుగా పంటి కింద తగిలేవి. సన్నబియ్యం, దొడ్డుబియ్యం, రేషన్ బియ్యం అన్నీ కలిపి పోసినట్టు ఉండేది. కిరాణా కొట్టువాడు మోసం చేస్తున్నాడని నాకు రూఢి అయింది. అత్త మీద కోపం దుత్త మీద అన్నట్టు, లోకం మీద ఉన్న మంట అంతా మూటగట్టుకుని అతని కొట్టు మీదికి పోయాను. నలుగురి ముందు కల్తీ బియ్యం అమ్ముతున్నావని అరిచాను. అతను తూకం ఆపి నావైపు జాలిగా చూశాడు.

"అన్నా, మీ ఇంటామె నా దగ్గర బియ్యం తీసుకోక మూడు నెలలాయె," అన్నాడు.

ఇంటికి వచ్చి అడిగితే చెప్పింది. చర్చి ఆడవాళ్లు రోజూ ఎసట్లో పోసేముందు ఒక పిడికెడు బియ్యం పక్కన తీసి పెడతారట. ఆదివారం అందరి పిడికిళ్లూ ఒక సంచిలో పోస్తారట. ఆ సంచి ఎవరి ఇంట్లో పొయ్యి వెలగకపోతే వాళ్లకు పోతుందట. మూడు నెలలుగా అది మా ఇంటికి వస్తోంది. ఇరవై ఇండ్ల బియ్యం మా గిన్నెలో ఉడుకుతోంది. నాకు సిగ్గుతో ఒళ్లు మండిపోయింది.

"అడుక్కొచ్చి పెడతానవా నాకు?"

"అడుక్కున్నది కాదయ్యా. నేను గూడ పెడతాన అందుల. రోజూ పిడికెడు."

"మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనెనా?"

"నీకు తక్కువ చేసి పెడుతలేను. నా వంతుల నుంచే తీస్తాన," అంది. "ఊకె తీసుకునుడే అయితె నేను బతుకలేను. పిడికెడన్న పెడితె మనం గూడ ఇచ్చెటోళ్లమే గదా," అంది.

ఆ మాట విన్నాక తెలిసింది. ఇన్ని నెలలుగా నన్ను తినేస్తున్నది ఆకలి కాదు. ఎవరికీ ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేకపోవడం. ఆమె ఆ సంగతి పసిగట్టి తన మట్టుకు తాను దారి వెతుక్కుంది. నేను బల్ల మీద కూర్చుని రైళ్లు లెక్కపెట్టాను.

ఆ ఆదివారం ఖాళీ సంచి తిరిగి ఇచ్చే నెపంతో చర్చికి పోయాను. పెద్దమ్మ నన్ను చూసి లోపలికి పోయింది. అట్టలూడిన పాటల పుస్తకాల మూట ఒకటి తెచ్చి నా ముందు పెట్టింది. "నువ్వు బైండింగ్ చేస్తవంట గదా కొడుకా, ఇవి జర చూడు," అంది. ఎన్ని నెలల తర్వాతో ఒకరు నాకు పని చెప్పారు. ఇంట్లో మైదాపిండి జిగురు ఉడికించి, కుట్టు ఊడిన పుస్తకాన్నల్లా విప్పి మళ్లీ కుట్టాను. అట్టలు వేశాను. తర్వాత ఆదివారాలు వెనక చాప మీద కూర్చోవడం అలవాటైంది. నమ్మానని చెప్పను. ఆ దేవుడు భూమ్మీద వడ్రంగం చేసి బతికాడని పాస్టరు అయ్యగారు చెప్పినప్పుడు మాత్రం చెవి అటు వేశాను. చేతిపని చేసినవాడికి నా గోస కొంతైనా తెలుస్తుందనిపించింది.

అంతలో నా భార్య పడిపోయింది. చాలాకాలంగా రక్తం పోతున్నా నాకు చెప్పలేదు. పెద్ద దవాఖానలో గర్భసంచిలో గడ్డ ఉందన్నారు, తీసెయ్యాలన్నారు. ఒంట్లో రక్తం లేదు కాబట్టి, అది పెరిగేదాకా ఆపరేషన్ చెయ్యలేమన్నారు. మంచిగా తినాలె అని డాక్టరమ్మ చెప్పింది. నేను ఎగతాళి చేసిన ఆ పిడికెడు ఆమె కంచంలోది. పెద్దమ్మ మొదట్లోనే వద్దని చెప్పిందట, నువ్వు పెట్టకు బిడ్డా, తీసుకో అని. ఆమె వినలేదు. నాకూ మొండిదే దొరికింది.

ఆ తర్వాత నేనే వండి, ఎదురుగా కూర్చుని తినిపించాను. ఆమె రెండు ముద్దలు తిని చాలనేది. తిట్టేవాడిని, బతిమాలేవాడిని. పడుకునేముందు ఆమె కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకునేది, నాకు వినపడేది. అందులో తన జబ్బు సంగతి ఉండేది కాదు. ఆయనకు పని దొరకాలె ప్రభువా అని, ఎప్పుడూ అదే.

ఒక మధ్యాహ్నం ఒక్కడినే చర్చికి పోయి మోకాళ్ల మీద కూర్చున్నాను. మాది ములుగు దిక్కు. చిన్నప్పుడు నాకు జ్వరం వచ్చి తగ్గకపోతే మా అమ్మ మేడారంలో మొక్కుకుంది. తగ్గాక నన్ను తరాజులో కూర్చోబెట్టి, నా ఎత్తు బెల్లం తూచి జాతరలో వనదేవతలైన తల్లులకు ఇచ్చింది. అక్కడ బెల్లాన్ని బంగారం అంటాం. దేవుడితో మాట్లాడటం నాకు ఆ ఒక్క తీరుగానే తెలుసు. అందుకే చేతులు జోడించి అడిగాను. ఆమె లేచి తిరిగితే ఆమె ఎత్తు బంగారం ఇస్తా, బాప్తిస్మం కూడా తీసుకుంటా అన్నాను. బయటికి వచ్చి పెద్దమ్మకు చెప్పాను.

"ఈడ ఎత్తు ఇచ్చుడు లేదు కొడుకా," అంది ఆమె. "అడుగు. ఊకెనే అడుగు."

ఊరికే అడగడమేమిటి? ఏమీ ఇవ్వకుండా అంత పెద్దది అడిగితే ఎవరిస్తారు? నాకు నచ్చలేదు. ఇంటికి వచ్చి నా భార్యకు చెప్పాను. ఎన్నాళ్లకో ఆమె గట్టిగా నవ్వింది.

"నా ఎత్తా? అయితె జల్ది తూకమెయ్యి. ఇంక నాలుగు రోజులు పోతె నీకు బెల్లం ఇంక అగ్గువల అయితది."

నేనూ నవ్వాను. నవ్వుతూనే వెనక్కి పోయి, బట్టలు ఉతికే బండ మీద కూర్చుని ఏడ్చాను. లోపలికి వచ్చేసరికి ఆమె నవ్వడం లేదు.

"బేరం పెట్టకయ్యా," అంది. "నేను బతికితెనే దేవుడా? సస్తె కాడా?"

"అసొంటి మాటలు మాట్లాడకు."

"నువ్వు చెప్పు ముందుగాల."

నేను అన్నం కలిపి ముద్ద ఆమె నోటికి అందించాను. చర్చివాళ్లు ఇద్దరు వచ్చి రక్తం ఇచ్చారు. డాక్టరమ్మ ఆపరేషన్‌కు రోజు చెప్పింది. దానికి ఇంకా నాలుగు రోజులున్నాయనగా పొద్దున్నే రక్తం మళ్లీ మొదలై ఆగలేదు. ఆటోలో నా ఒళ్లో పడుకుంది. ఏమైనా తిన్నవా అని నన్ను అడిగింది. తిన్నానని అబద్ధం చెప్పాను. మధ్యాహ్నానికి పోయింది.

సమాధుల తోటలో మట్టి వేసి వచ్చాక మా అన్న అడిగాడు, నీ కొత్త దేవుడు ఏం చేసిండురా అని. నేనూ అదే అడుగుతున్నాను. చర్చి ముఖం చూడలేదు. పెద్దమ్మ వారానికోసారి ఒక కట్ట ఆకుకూర తెచ్చి గడప మీద పెట్టి పోయేది. ఒకరోజు ఉండబట్టలేక ఆమె మీద విరుచుకుపడ్డాను.

"ఎత్తు బంగారం ఇస్తనన్న గదా. గదీ వద్దన్నడు. మరేం గావాలె ఆయనకు?"

ఆమె గడప మీద కూర్చుంది. గంప దించింది.

"నాకు తెల్వది కొడుకా. నా కొడుకు పోయిననాడు గూడ తెల్వలె," అంది. అట్లాగే చాలాసేపు నా దగ్గర కూర్చుంది. ఆ రోజు ఆమె ఆకుకూర అంతా వాడిపోయింది. ఆ తర్వాతి ఆదివారం నేను పోయి వెనక చాప మీద కూర్చున్నాను. పాట పాడలేదు. అయితే లేచి కూడా పోలేదు.

ఆమె పోయిన ఏడో నెలలో, కాలేజీ దగ్గర జిరాక్స్ షాపులో పిల్లల ప్రాజెక్టులు బైండింగ్ చేసే మనిషి కావాలని తెలిసి పోయాను. షాపతను నా వయసు అడగలేదు. నేను కాయితాలు తట్టి సర్దే తీరు చూసి, రేపటి నుంచి రండి కాకా అన్నాడు. నేను బస్సు కోసం కూడా ఆగలేదు. ఇంటిదాకా నడిచాను, చివరికి పరుగెత్తాను. సందు మొదట్లోనే "ఏమే" అని కేక వేశాను. వాకిట్లోకి వచ్చాక తలుపుకు తాళం కనబడింది. తాళంచెవి నా జేబులోనే ఉంది.

తలుపు తీసి లోపలికి పోయి నిలబడ్డాను. పని దొరికిందని చెప్పడానికి ఆ ఇంట్లో మనిషి లేదు. గోడ పట్టుకుని ఏడ్చాను. కాసేపటికి, ఆమె రోజూ ఎవరితో మాట్లాడేదో ఆయనతోనే మాట్లాడాను. ఈసారి మొక్కు లేదు, బేరం లేదు. చేతులు జోడించడం కూడా మరిచిపోయాను.

"ఆమెకు జర చెప్పు," అన్నాను. "పని దొరికిందని చెప్పు."